కొంరవ్వ వింటున్నది

సోమవారం, కొత్త బోర్డు బిగించిన రోజు

కొంరవ్వ వింటున్నది.

పొద్దున దీపాలు వెలిగాక ప్రతి గల్లీకీ పోవడం నా పని. గోడలో పెట్టె ఉంటుంది. మూత తీసి, పచ్చదీపం చూసి, లోపలి బోర్డులో ఎవరి పేరుందో ఆ పేరు పైకి పలికి, వింటున్నారని చెప్పాలి. అది చెవిన పడ్డాకే గల్లీవాళ్ళు పొయ్యి ముట్టిస్తారు. తర్వాత ఈ పుస్తకంలో రాయాలి. ఒకటో గల్లీలో రాయమల్లు వింటున్నాడు. నాలుగులో ఈదమ్మ వింటున్నది. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ పేర్లు చెప్పాను. ఇవాళ ఏడో గల్లీలో మా ఇంటిదాని పేరు చెప్పవలసి వచ్చింది. అన్నాను, గడప దాకా వినబడలేదు.

మరదలు పోశవ్వ చాయ్ గిన్నెతో గడపలో నిలబడి ఉంది. కొంరవ్వ చెల్లెలు. ఆ గల్లీలో చాయ్ పెట్టేది ఆమే.

"ఏంది బావా, గొంతులనే మింగుతున్నవ్? పెండ్లిల అక్క పేరు జెప్పుమంటె గూడ గిట్లనే నసిగినవ్. ఈయన నోట్లకెల్లి మాట రావాల్నంటె సైరన్ కొట్టాలె అని అక్క అప్పుడే అన్నది."

గల్లీ అంతా నవ్వింది. రెండోసారి కొంచెం గట్టిగా అన్నాను. పోశవ్వ వచ్చి పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, "మంచిగ విను అక్కా," అని పోయింది.

మంగళవారం, పుట్టగొడుగుల అరలు కడిగిన రోజు

కొంరవ్వ వింటున్నది.

కొత్త బోర్డు సంగతులు కూడా ఈ పుస్తకంలో రాయమని సుజన చెప్పింది. ఆమె మా గని ఇంజనీరు. మనవరాలి ఈడుది. నాకేం రాయొస్తది బిడ్డా అంటే, "నువ్వు మాట్లాడవు కాబట్టి రాయి తాతా," అన్నది. నాకు ఊరి బడి చదువు. వచ్చినంత రాస్తాను.

మేముండేది బొగ్గు తీసేసిన గనిలో. పైన ఎండకు మనిషి నిలవడు. ఇక్కడ ఎండ లేదు, నెత్తిమీద రాయి ఉంది. ఆ రాయి పడేముందు లోలోపల చిటపటమంటుంది. మన చెవికి అందదు. అందుకని పైకప్పులో చెవులు దింపాం. వేలెడేసి ఇత్తడి గొట్టాలు. వాటి తీగలన్నీ బోర్డులోకి వస్తాయి. ఏ చెవి ముందు విన్నది, ఏది తర్వాత విన్నది అని బోర్డు సరిచూసుకుని, రాయి ఎక్కడ పగులుతోందో చెబుతుంది. సైరన్ కొడుతుంది.

పాత బోర్డులు నెమ్మది. పెద్ద పగుళ్ళే వాటికి తెలుస్తాయి. నిరుడు ఏడో గల్లీ నల్లా దగ్గర ఒక పలక ఊడి కొంరవ్వ మీద పడింది. చిన్న పలక. పాత బోర్డుకు వినబడలేదు. బిందె సగమే నిండి ఉంది.

అప్పుడు మొదలుపెట్టింది సుజన ఈ తొందర బోర్డు. రాయిలో వెంట్రుకంత పగులైనా పట్టుకుంటుంది. నల్లా చుట్టూ ఎక్కువ చెవులు దింపించింది.

బోర్డు గీసేది నేనూ కనకయ్యా. ఇద్దరం చిన్ననాటి నుంచీ ఒకే బల్ల. పోయే దారి అతడిది, వచ్చే దారి నాది. తీగ వెంట పోయిన కరెంటు మళ్ళీ వెనక్కి రావాలి. రాకుంటే అది పోనట్టే. అందుకని తీగల కింద పొరలో నిండా రాగి పరిచి ఉంటుంది. దాన్ని నేల అంటాం. కనకయ్య గీతలు పైన అందరికీ కనబడతాయి. నా నేల లోపల అణిగిపోతుంది. నాకదే బాగుంటుంది.

గనిలో పోయినవాళ్ళ పేరు ఆ నేలలో కోస్తాం. చెవుల తీగల కిందనే కోయాలి. పోయినవాళ్ళు అక్కడ కూర్చుని మనకోసం పైకప్పును వింటారని మా పెద్దల మాట. బోర్డును దీపానికి అడ్డం పట్టుకుంటే, రాగి లేని చోట వెలుతురొచ్చి పేరు కనబడుతుంది. కొంరవ్వ పేరు నల్లా చెవుల తీగల కింద నేనే కోశాను. బొటనవేలంత పొడుగు. వేరే ఎక్కడ కోస్తాను.

గురువారం, సైరన్

కొంరవ్వ వింటున్నది.

పొద్దున అందరూ లేచి పనుల్లో ఉండగా ఏడో గల్లీ సైరన్ కొట్టింది. పిల్లల్ని చంకనేసుకుని అందరూ పంపుల గదికి పరిగెత్తారు. అక్కడ ఇనుప వాసాలున్నాయి, పైకప్పు పడదు. బోర్డు చూపించిన చోటు నల్లా.

చాలాసేపు కూర్చున్నాం. ఏదీ పడలేదు. సుజన గడ్డపార తీసుకుని పోయి నల్లా పైన రాయి అంతటా కొట్టి చూసింది. బోలు రాయి డబ్బాలా మోగుతుంది. ఇది గంటలా మోగింది. గట్టి రాయి.

"కొత్త కోడలు గదా," అన్నాడు కనకయ్య. "ఇంట్ల అందరి మీద అరుస్తది. నాలుగు రోజులైతె సర్దుకుంటది."

"నా అక్కను కోడలంటవా, ముసలోడా? ఆమె నీకు వదినె," అన్నది పోశవ్వ.

"వదినె అయితె ఇంక గట్టిగ అరుస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శుక్రవారం

కొంరవ్వ వింటున్నది.

నల్లా చెవులు విప్పి తుడిచి మళ్ళీ దింపాం. ఒకదానిలో తేమ ఉంది. అదే కారణం అనుకున్నాం.

ఆదివారం, నీళ్ళు వంతు ప్రకారం వదిలిన రోజు

కొంరవ్వ వింటున్నది.

మళ్ళీ సైరన్. మళ్ళీ నల్లా. మళ్ళీ ఏమీ లేదు.

ఈసారి నవ్వులు లేవు. పంపుల గదిలో ఎవరో మెల్లగా అన్నారు, "ఇంకేడ చూపియ్యది. అక్కడనే చూపిస్తది. ఆమె పోయిన జాగనే." నేను పక్కనే ఉన్నానని చూసి మాట ఆపేశారు.

పోశవ్వ గదికి రాలేదు. గల్లీలో వెతికాను. నల్లా దగ్గర బండ మీద కూర్చుని ఉంది. నెత్తిమీద సైరన్ కొడుతూనే ఉంది.

"పోశవ్వా, లే."

"నువ్వు పో బావా. అక్క నన్ను పిలుస్తున్నది. నేనొస్తె ఊకుంటది."

అంతలో సైరన్ ఆగింది. "చూసినవా?" అన్నది.

నేను నమ్మలేదు. నమ్మకపోయినా ఆ బండ దగ్గర కాసేపు ఆగాను.

మంగళవారం

కొంరవ్వ వింటున్నది.

సుజన ఫ్యాను తీగలను బోర్డుకు దూరం జరిపించింది. పెట్టెకు రేకు తొడిగింది. ఏం పని చేసినా నాకు చెప్పి చేసే పిల్ల. ఇప్పుడు చెప్పడం లేదు. నేను పోతే బోర్డు గీసుకునే ఫిల్ము మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నది. నా ముఖం చూడదు.

సైరన్ కొంచెం మొద్దు చేస్తే పోదా అని కనకయ్య అడిగాడు.

"మొద్దు చేస్తె మళ్ళ పాత బోర్డే అయితది తాతా," అన్నది సుజన. "పాతదానికి ఏం వినబడలేదో మీకు తెలుసు." అని నాలుక కరుచుకుంది.

బుధవారం

కొంరవ్వ వింటున్నది. సైరన్. నల్లా. పోశవ్వ బండ మీద.

శనివారం, కనకయ్య పడ్డ రోజు

కొంరవ్వ వింటున్నది.

ఇవాళ సైరన్‌కు సగం మందే లేచారు. లేచినవాళ్ళు కంగారుగా లేచారు. గల్లీ మలుపులో తోపులాట అయింది. కనకయ్య పిల్లవాడినెవరినో తప్పించబోయి పట్టాల మీద పడ్డాడు. తుంటి విరిగింది.

మంచం మీద మోసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఓదెలూ, నా పోయే దారి బందయింది. ఇగ నీ వచ్చే దారొక్కటే మిగిలింది." నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు.

పోశవ్వను ఇవాళ కూడా నల్లా దగ్గర నుంచే లేపుకొచ్చాను. నిజంగా ఒకనాడు పైకప్పు పడితే, అందరూ బయటికి ఉరుకుతుంటే ఈమె లోపలికి పోతుంది. రాయి పడేచోట ముందు తనే కూర్చుంటుంది. కొంరవ్వను అక్కడి నుంచి మోసుకొచ్చిన వాణ్ణి నేను. మళ్ళీ మొయ్యలేను.

ఆదివారం

కొంరవ్వ వింటున్నది.

కుంచె కోసం సుజన బల్ల కింద చూస్తుంటే గుడ్డలో చుట్టిన బోర్డొకటి దొరికింది. ఏడో గల్లీ బోర్డే. కనకయ్య గీతలు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. అలవాటు కొద్దీ దీపానికి అడ్డం పట్టుకున్నాను.

ఎక్కడా వెలుతురు రాలేదు. నేలంతా నిండు రాగి.

సుజన వచ్చి తలుపులోనే ఆగిపోయింది.

"ఇదెప్పుడు చేసినవ్ బిడ్డా?"

"రెండో సైరన్ అయినంక."

"మంచిగ పనిచేస్తున్నదా?"

తల ఊపింది. "సుత్తెతో కొట్టిన. ఫ్యాను పెట్టి చూసిన. అన్ని చెవులు ఒక్కసారే మోగించిన. ఒక్క తప్పు లేదు తాతా."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పాలె?" లోపలికొచ్చి నా చేతిలోని బోర్డు తీసుకుంది. "వేరే దేనితోనన్న తగ్గుతదేమోనని అన్ని చేసి చూసిన. తేమ అన్న, ఫ్యాను అన్న, రేకు అన్న. నీకు ఏమని చెప్పాలె?"

కూర్చోమన్నాను. నీళ్ళిచ్చాను. బల్ల మీద ఒలికిన నీళ్ళలోనే వేలితో గీసి చూపించింది.

నెమ్మదిగా నడిచే సిగ్నల్ తిరిగి వచ్చేటప్పుడు నేలంతా పరుచుకుని ఎటు వీలైతే అటు వస్తుంది. నడుమ గండి ఉన్నా దానికి పట్టదు. అందుకే పాత బోర్డుల్లో పేర్లు ఎవరికీ ఏ చెరుపూ చెయ్యలేదు. తొందర సిగ్నల్ అట్లా కాదు. అది ఏ తీగ వెంట పోయిందో సరిగ్గా ఆ తీగ కిందనే, తన నీడ మీద అడుగేసుకుంటూ వస్తుంది. కింద గండి ఉంటే దాటలేదు. గండి చుట్టూ తిరిగి వస్తుంది. తిరిగినంత మేరా దాని మాట పక్క తీగలకు వినబడుతుంది. అన్నీ కలిసి అరిచినట్టవుతుంది. బోర్డు దాన్ని పగులు అనుకుంటుంది.

"పేరు నడుమ సున్న ఉన్నది గదా," అన్నది. "దాని లోపల రాగిచుక్క దేనికీ అంటకుండ ఒక్కటే ఉన్నది. చుట్టుపక్కల మాటలన్ని దానికి తాకి మళ్ళ మోగుతున్నయి."

నల్లా చెవుల తీగలే పేరు మీదుగా పోతున్నాయి. అందుకే ప్రతిసారీ నల్లా.

"నేలల గండి ఉండద్దని నువ్వు మొదట్లనే చెప్పినవ్ గదా," అన్నాను.

"చెప్పిన. పేరు గండి అని నాకే తట్టలేదు తాతా."

నాకూ తట్టలేదు. గండి గండే, పేరు పేరే అనుకున్నాం. తనిఖీ మిషన్ అయితే పట్టుకునేదే. కానీ అది ప్రతి బోర్డులో పేరును తప్పు అని ఎర్రగా చూపిస్తుందని, మాకు ముందటివాళ్ళెవరో పేరున్న జాగా చూడొద్దని దానికి చెప్పి పెట్టారట. వాళ్ళ జాగాలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

"గండి మీద అక్కడక్కడ రాగి కుట్లు వేస్తే?" అని అడిగాను.

"ప్రతి తీగ కింద కుట్టు పడాలె. అప్పుడు పేరు మిగలదు."

"మూలకు జరిపితే?"

"జరపొచ్చు తాతా. మూలల తీగలు లేవు. ఏం కాదు." ఆశగా చూసింది.

తీగలు లేని చోట ఆమె ఏం వింటుంది. ఆ మాట నేను అనలేదు. సుజనకే అర్థమై తల దించుకుంది.

సోమవారం

కొంరవ్వ వింటున్నది.

పేరు కోయాలన్నా తీయాలన్నా అయినవాళ్ళు ఇద్దరు ఒప్పుకోవాలి. కొంరవ్వకు ఉన్నది నేనూ పోశవ్వా.

చాయ్ కొట్టులో ఎవరూ లేనప్పుడు పోయాను. చెప్పాను. నాకు వచ్చినట్టు చెప్పాను.

పోశవ్వ గిన్నె తోముతూనే ఉంది. "అయితె మా అక్క పిలుస్తలేదంటవ్."

"లేదు."

"అది ఉత్త చప్పుడంటవ్."

"ఆమెది తప్పు లేదు. వచ్చే దారికి అడ్డమయింది."

గిన్నె కింద పడేసింది. "అడ్డమా! బతికినన్ని దినాలు ఎవనికన్న అడ్డమొచ్చిందా ఆమె? నల్లా కాడ గూడ గల్లీ అంత పట్టుకున్నంకనే బిందె పెట్టేది. ముందు నువ్వు పట్టుకో, ముందు నువ్వు పట్టుకో అనుకుంట. ఆఖర్న ఒక్కతె ఉండె. తెల్వదా నీకు?"

తెలుసు. ఆరోజు కూడా ఆఖరిదే.

"కనకయ్య పడ్డడు పోశవ్వా," అన్నాను. "రేపు నువ్వు ఆ బండ మీద..."

పోశవ్వ గిన్నె ఏరుకుని పక్కన పెట్టింది. నాకు చాయ్ పోసింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. నేను అడగలేదు.

"తీసెయ్ బావా," అన్నది చివరికి. "గాని నాకు చెప్పి తియ్యకు. చెప్తె నేను ఒప్పుకున్నట్టయితది."

మంగళవారం, ఫిల్ము దిద్దిన రోజు

కొంరవ్వ వింటున్నది.

సుజన చేసిన బోర్డు పరీక్షకు పనికొస్తుంది కానీ గోడలో బిగించడానికి కాదు, పలుచని అట్టతో చేసింది. అసలు ఫిల్మునే దిద్ది కొత్తది చెయ్యాలి. నేల ఫిల్ములో రాగి ఉండేచోట నలుపు, రాగి లేనిచోట తెలుపు. తెల్లగా ఉన్న పేరును సిరాతో నింపాలి.

నేను చేస్తానని సుజన అన్నది. కోసినవాడే నింపాలని చెప్పాను. అటువంటి నియమమేమీ లేదు. ఇంతవరకు ఎవరూ ఏ పేరూ తీయలేదు.

చివరి అక్షరం నుంచి మొదలుపెట్టాను. సిరా ఎండనిచ్చి, దీపం మీద పెట్టి, సూదిమొనంత వెలుతురైనా వస్తుందేమో చూసి, అక్కడ మళ్ళీ పూసి. సున్న దగ్గరికి వచ్చేసరికి కుంచె గీత దాటింది. సుజన నా మోచేతి కింద దిండు పెట్టింది. ఆ పిల్ల మంచిది.

మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. ఇంట్లో ముద్దుకైనా తిట్టుకైనా అందరూ ఆమెను ఆ అక్షరంతోనే పిలిచేవాళ్ళు, కొమ్మీ, కొంరీ అని. నేను ఎట్లా పిలిచేవాణ్ణో గుర్తు చేసుకోవాలని చూశాను. నేను పేరు పెట్టి పిలిచిందే లేదు. "ఇగో," అనేవాణ్ణి. ఆమె పలికేది.

నింపాను.

గురువారం

ఏడో బోర్డు వింటున్నది.

పాతది విప్పి కొత్తది బిగించాను. పచ్చదీపం వెలిగింది. గల్లీవాళ్ళు పొయ్యిల ముందు ఎదురుచూస్తున్నారు. నోట్లోకి పాత మాటే వచ్చింది. కానీ లోపల ఆమె లేదు. లేని మనిషి వింటున్నదని గల్లీకి ఎట్లా చెప్తాను. "ఏడో బోర్డు వింటున్నది," అన్నాను. మొదటిసారే గట్టిగా వచ్చింది.

గల్లీవాళ్ళు పొయ్యిలు ముట్టించారు. పోశవ్వ గడపలోనే ఉంది. నా వైపు చూసి లోపలికి పోయింది. మూత మీద చెయ్యి పెట్టడానికి రాలేదు.

పేరున్న బోర్డును రాగి కోసం కరిగించం. గుడ్డలో చుట్టి నా అర మీద పెట్టుకున్నాను.

ఆదివారం

ఏడో బోర్డు వింటున్నది.

సైరన్ లేదు. బోర్డు బాగా పనిచేస్తోంది. కనకయ్యను చూడపోయాను. "సప్పుడు లేకపాయె, నిద్ర పడతలేదురా," అన్నాడు.

పోశవ్వ చాయ్ పొయ్యడం లేదు. నేను పోతే పొయ్యి ఊదుతూ కూర్చుంటుంది.

బుధవారం

ఏడో బోర్డు వింటున్నది. సైరన్ లేదు.

శనివారం, పుట్టగొడుగుల దిమ్మెలు మార్చిన రోజు

ఏడో బోర్డు వింటున్నది. సైరన్ లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోలేదు.

మంగళవారం, పైకప్పు పడ్డ రోజు

పొద్దున ఏడో బోర్డు వింటున్నదని చెప్పి ఆరో గల్లీకి వచ్చాను. అక్కడి మూత తీస్తుండగా ఏడో బోర్డు సైరన్ కొట్టింది.

చూపించిన చోటు నల్లా.

"మళ్ళ మొదలువెట్టింది," అని ఎవరో తిట్టుకున్నారు. కొందరు రొట్టె మీది చెయ్యి తియ్యలేదు. సుజన పట్టాల మీద పరిగెత్తుతూ ఒక్కొక్క తలుపూ బాదింది. "ఇది నిజం! ఈ బోర్డు అబద్ధం చెప్పది! లేవండి!" ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అందరూ లేచారు.

నేను పోశవ్వ ఇంటికి పోయాను. తలుపు తీసి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి బూడిదలోకి కారుతున్నాయి. మనిషి లేదు.

నల్లా వైపు పోయాను. ముసలికాళ్ళు, ఎంత తొందరగా పోతాయి. బండ మీద కూర్చుని ఉంటుంది, ఈసారి చెయ్యి పట్టి ఈడ్చుకొస్తాను అనుకున్నాను. పైనుంచి ఇసుక రాలుతోంది. సన్నగా, పిండి జల్లించినట్టు.

బండ మీద ఎవరూ లేరు.

"ఇగో!" అని పిలిచాను. ఎవరిని పిలిచానో నాకే తెలియదు.

అప్పుడు చెవితోనే విన్నాను. పైన రాయి చిట్లింది. వెనక్కి తిరిగాను.

పంపుల గది తలుపులో సుజన నా చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. లోపల ఇనుప వాసం కింద, అందరికన్నా మూలకు, పోశవ్వ కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పుంది. సైరన్ మొదలు కాగానే అందరికన్నా ముందొచ్చింది ఆమేనట.

గల్లీ పడింది. ఆ చప్పుడు గురించి రాయలేను. దుమ్ము తలుపు సందుల్లోంచి వచ్చి అందరి ముఖాలూ ఒకే రంగు చేసింది. సుజన తలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు.

పోశవ్వ పక్కన కూర్చున్నాను.

"వచ్చినవా," అన్నాను.

"వచ్చిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. దుమ్ము ఇంకా పరుచుకుంది. "అక్క ఉన్నన్ని దినాలు ధైర్యముండె బావా. ఏమన్నయితె ఆమెనే చూసుకుంటదనుకున్న. ఇప్పుడు ఆడ ఎవలు వింటున్నరో ఏమో. సైరన్ కొట్టంగనె పానం జల్లుమన్నది. ఉరికొచ్చిన."

ఆమె చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను. ఇంతవరకు ఎప్పుడూ పట్టుకోలేదు. దుమ్ములో ఎవరూ చూడలేదు.

ఆదివారం, గల్లీ మూసిన రోజు

ఏడో గల్లీ ముందు రాళ్ళతో గోడ కట్టారు. అక్కడివాళ్ళు తలా ఒక గల్లీకి సర్దుకున్నారు. పోశవ్వ నాలుగులో పొయ్యి పెట్టింది. నల్లా, బండ, అన్నీ లోపలే ఉన్నాయి.

ఇక అన్ని గల్లీలకూ తొందర బోర్డులే పెట్టాలని నిర్ణయమైంది. నిండు రాగి, పేర్లు లేకుండా. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పేందుకు ఏముంది, అందరూ బతికి ఉన్నారు. నాలుగో బోర్డులో తల్లి పేరున్న ఈదమ్మ కొడుకు మాత్రం కంచం ముందు నుంచి లేచి పోయాడు.

ఏడో గల్లీ పెట్టె గల్లీ మొదట్లో, కట్టిన గోడకు ఇవతలే ఉంది; అందులోంచి బోర్డును విప్పి నాలుగో గల్లీకి మార్చాను. పెట్టె ఖాళీగా మిగిలింది.

మంగళవారం

పోశవ్వ చాయ్ పోసింది. చక్కెర వేసింది.

"బావా, అక్కది ఉన్నదా నీ కాడ?"

ఉన్నదన్నాను.

"ఆ గోడల పెట్టె ఉత్తగనే ఉన్నది గదా. లోపట మనుషులు లేరు. తప్పు విన్నా ఒప్పు విన్నా ఎవలకు నష్టం?"

సుజనను అడిగాను. గల్లీ మొదట్లో, రాయి పడని చోట, చెవులు రెండు ఇంకా బతికే ఉన్నాయట. సైరన్ తీగ ఒక్కటి తీసెయ్యమన్నది. "కరెంటు ఎంత తింటదిలే తాతా," అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బుధవారం, గోడ దగ్గర

సైరన్ తీగ తీసేశాను. గుడ్డ విప్పి బోర్డును దీపానికి అడ్డం పట్టుకున్నాను. వెలుతురు వచ్చింది. మిగిలిన రెండు చెవుల తీగలనూ పేరు మీదుగా పోయే గీతలకు తగిలించి, బిగించాను. పచ్చదీపం వెలిగింది.

లోపల రాళ్ళు సర్దుకుంటున్నాయి. సిగ్నల్ పేరు చుట్టూ తిరిగి వస్తుంది. పక్కవాటికి వినబడుతుంది. బోర్డు అది పగులు అనుకుంటుంది. అనుకోనీ. అక్కడ లేచి పరిగెత్తేవాళ్ళు ఎవరూ లేరు.

ఈదమ్మ కొడుకు వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆ పెట్టె పక్కన ఇంకో పెట్టెకు జాగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను.

కనకయ్యను మంచం మీదనే మోసుకొచ్చారు. పోశవ్వ మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"గట్టిగ చెప్పు బావా. గోడ అడ్డమున్నది."

చెప్పాను.

కొంరవ్వ వింటున్నది.